షెల్టర్ నుంచి బెదురు కుక్కను తెచ్చుకుంటున్నారా? కడప ఇళ్ళకు సరిపడే పద్ధతి

షెల్టర్‌కు పోయినవాళ్ళ కళ్ళు ముందు గేటు మీదికి ఎగబడే కుక్కపిల్లల మీదే పడతాయి. లోపల మూలన గోడకు వీపు ఆనించుకుని, మొహం అటు తిప్పుకున్న ఎనిమిది తొమ్మిది నెలల కుక్కను అడిగేవాళ్ళు తక్కువ. మీ మనసు దాని మీదే పడిందంటే ఈ పద్ధతి మీకు పనికొస్తుంది. ముందే ఒక మాట చెప్పాలి. బెదురు కుక్క విషయంలో చెయ్యాల్సిన పనులకంటే, చెయ్యకుండా ఊరుకోవాల్సినవే ఎక్కువ. మన ఇళ్ళలో ఇదే కష్టం. కొత్త కుక్క వచ్చిందని తెలిస్తే చాలు, సందులో పిల్లలంతా గుమ్మం ముందర ఉంటారు.

ముందు ఇంట్లో మాట్లాడుకోండి

ఇంట్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా తేవద్దు. జేజికి కుక్కంటే పడదు, తెచ్చాక ఆమే సర్దుకుంటుందిలే అనుకుంటే కుదరదు. బెదురు కుక్క విసుక్కునే గొంతును ఇట్టే పట్టేస్తుంది. అద్దె ఇల్లయితే ఓనరుతో ముందే చెప్పండి. అపార్ట్‌మెంట్ అయితే, పెంపుడు కుక్క ఉండకూడదని అసోసియేషన్ తీర్మానం చేసినంత మాత్రాన అది చెల్లదు. భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు ఆ సంగతి స్పష్టంగానే చెప్తున్నాయి. అయినా కాగితం పట్టుకుని కొట్లాటకు దిగేకంటే పక్కింటివాళ్ళను మంచి చేసుకోవడమే మేలు. మడి కట్టుకున్న పెద్దావిడైనా, వజూ చేసుకుని మసీదుకు పోతున్న పెద్దాయనైనా మెట్ల మీద ఎదురైతే తాడు కురచగా పట్టుకుని పక్కకు జరగండి. ఒక్కసారి అట్లా చేసి చూపిస్తే తర్వాత వాళ్ళే మీ కుక్క బాగోగులు అడుగుతారు.

ఎప్పుడు తేవాలన్నది కూడా చూసుకోవాలి. మే నెలలో వద్దు. కడపలో 40 డిగ్రీలు దాటే ఎండలో, కొత్తచోట, భయంతో రొప్పే కుక్క తట్టుకోలేదు. దీపావళి వారమూ వద్దు, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్న నెల అంతకన్నా వద్దు. వానలు పడి చల్లబడ్డాక, ఇంట్లో ఒకరు వారం రోజులు సెలవు పెట్టగలిగినప్పుడు తెచ్చుకోండి.

షెల్టర్‌లో ఏం చూడాలి

ఒక్కసారి చూసి తెచ్చుకోవద్దు. రెండు మూడుసార్లు, వేరువేరు వేళల్లో పోండి. బోను ముందు నిలబడి చెయ్యి లోపలికి పెట్టకండి. పక్కకు తిరిగి కింద కూర్చోండి, దాని కళ్ళలోకి చూడకండి, ఫోను చూసుకుంటూ కాసేపు ఊరకుండండి. మీవైపు మెడ చాచి గాలిలో వాసన పట్టిందంటే ఆ కుక్కకు భయం ఉన్నా కుతూహలం చావలేదని అర్థం. అట్లాంటిది ఇంట్లో తొందరగా తేరుకుంటుంది. విసిరిన ముక్కను మీరు చూస్తుండగా తినకపోయినా, మీరు నాలుగడుగులు వెనక్కి పోగానే తిన్నదంటే అదీ మంచిదే.

మరీ కట్టెలాగా బిగుసుకుపోయి, ముట్టుకున్నా కదలని కుక్కను "ఎంత నెమ్మదో" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అది నెమ్మది కాదు, భయం ముదిరి కొయ్యబారిపోవడం. అవి కూడా పెంచుకోదగిన కుక్కలే, కానీ మొదటిసారి కుక్కను పెంచేవాళ్ళు అట్లాంటిదాని జోలికి పోకపోవడం మంచిది.

షెల్టర్‌లో పనిచేసేవాళ్ళను గుచ్చి గుచ్చి అడగండి. యాడి నుంచి వచ్చింది? మగవాళ్ళను చూస్తే ఎక్కువ బెదురుతుందా? ఎవరినైనా కరిచిందా, కరిస్తే ఏ సందర్భంలో? పిల్లుల్ని, కోళ్ళను చూస్తే తరుముతుందా? పెరట్లో నాటుకోళ్ళున్న ఇల్లయితే ఈ చివరి ప్రశ్న మరిచిపోతే మీకే నష్టం. గిన్నెలో తిండి ఉన్నప్పుడు దగ్గరికి పోతే గుర్రుమంటుందా అన్నదీ అడగండి. ఏ పూట ఏం పెడుతున్నారో రాసుకోండి.

టీకా కార్డు చేతికి తీసుకోండి. పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులు రెండూ రాకుండా వేసే టీకా కుక్కపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక మొదలవుతుంది, ఆ తర్వాత ఏటా వేయించాలి. పాత లెక్క ఏదీ లేని ఎదిగిన కుక్కకైతే డాక్టరు మళ్ళీ మొదటి నుంచి వేస్తారు. చెవి కొనకు గాటు ఉంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినట్టు గుర్తు. లేకపోతే ఎప్పుడు చేయించాలో డాక్టరును అడగండి. దత్తత కాగితాల మీద సంతకం పెట్టేముందు, కుదరకపోతే కుక్కను వెనక్కి తీసుకుంటారా అన్నది సూటిగా అడగండి. మంచి షెల్టర్లు తీసుకుంటాం అనే చెప్తాయి.

ఇంటికి తెచ్చే రోజు

బైకు మీద మాత్రం తేవద్దు, మధ్యలో ఇంకొకరు గట్టిగా పట్టుకున్నా సరే. కోటిరెడ్డి సర్కిల్‌లో లారీ హారన్ మోగిందంటే ఎంత మచ్చికైన కుక్కయినా దూకేస్తుంది. కారు లేకపోతే ఆటో ఒకటి మీకే మాట్లాడుకోండి, షేర్ ఆటో కాదు. పొద్దున్నే పోండి. మూడు నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టవద్దని షెల్టర్‌వాళ్ళకు చెప్పండి, లేదంటే దారిలో కక్కుతుంది.

మెడబెల్టు ఒక్కటే నమ్ముకోకండి. భయపడిన కుక్క వెనక్కి గుంజుకుంటే చెవుల మీదుగా బెల్టు జారిపోతుంది, ఇదంతా రెండు క్షణాల పని. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొనండి. కుక్కకూ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత బిగువు చాలు. మెడబెల్టుకు ఒక తాడు, హార్నెస్‌కు ఇంకొక తాడు కట్టి రెండూ మీ చేతిలో పెట్టుకోండి. ఫోన్ నంబరు చెక్కించిన బిళ్ళ ఆ రోజే వేలాడదీయండి. కుక్కలు ఎక్కువగా తప్పించుకునేది వచ్చిన మొదటి రోజుల్లోనే.

షెల్టర్‌లో అది పడుకున్న గోనెసంచి ముక్కో, పాత గుడ్డో ఒకటి అడిగి తెచ్చుకోండి. ఉతకకండి. కొత్త ఇంట్లో దానికి తెలిసిన వాసన అదొక్కటే.

మొదటి మూడు రోజులు: దాని మానాన దాన్ని వదలండి

ఒక గది, లేకపోతే ఒక మూల ఇవ్వండి. వీధి వైపు కిటికీ లేనిది, వంటింటికి దూరంగా ఉన్నది చూసుకోండి. మంచం కింద దూరితే దూరనీండి. మంచం మీద నుంచి దుప్పటి కిందికి వేలాడేసి చీకటిగా చెయ్యండి. మన ఇళ్ళలో కడప బండలు పరుస్తాం కాబట్టి వేసవిలో చల్లగా బాగుంటుంది. అయితే పాలిష్ బండ మీద కుక్క కాళ్ళు జారతాయి. అసలే వణుకుతున్న కుక్క నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోతే ఆ గడప దాటడమే మానేస్తుంది. దాని మూల నుంచి నీళ్ళ గిన్నెదాకా, అక్కడి నుంచి బయటి తలుపుదాకా పాత చాపలో, గోనెసంచులో పరిచి దారి వెయ్యండి.

ఈ మూడు రోజులూ పిలవొద్దు, నిమరొద్దు, ఎత్తుకోవద్దు. స్నానం అసలే వద్దు, ఎంత వాసన వచ్చినా. చుట్టాలను ఇప్పుడే రావద్దని చెప్పండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళకు ఒకే నియమం పెట్టండి: కుక్క మూలలో ఉన్నప్పుడు అటు పోకూడదు. ఫోన్‌లో ఫోటో తీయడానికి కూడా. ఫ్లాష్ పడితే మళ్ళీ మొదటికి వస్తుంది.

మొదటి రోజు ఏమీ తినకపోవచ్చు. నీళ్ళు తాగుతుంటే కంగారు పడకండి. రాత్రి ఇల్లు సద్దుమణిగాక లేచి తింటుంది. రెండో రోజు కూడా పచ్చి మెతుకు ముట్టకపోయినా, వాంతులూ విరేచనాలూ మొదలైనా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. చిన్న వయసు కుక్కల్లో పార్వో ప్రాణం తీస్తుంది.

షెల్టర్‌లో పెట్టిన తిండే వారం రోజులు పెట్టి, తర్వాత కొంచెం కొంచెంగా మార్చండి. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, ఉప్పు కారం లేని కోడి ముక్కలు, పల్చగా చేసిన రాగి సంకటి అన్నీ పనికొస్తాయి. మనం తినే పులుసు మాత్రం వద్దు. అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. ఉడికిన కోడి ఎముక నమిలితే పుల్లల్లాగా చీలి పేగుకు గుచ్చుకుంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా విషమే. ప్రసాదం పొట్లంలో ఎండుద్రాక్ష ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోండి.

దగ్గరికి రప్పించడం

ఇక్కడే ఓపిక పరీక్షకు వస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

వేలి గోరంత కోడి ముక్కలు ఒక గిన్నెలో వేసుకుని, దానికి ఏడెనిమిది అడుగుల దూరంలో బండ మీద పక్కకు తిరిగి కూర్చోండి. ముక్కను మీ వైపు కాకుండా కుక్క వెనక్కి పడేట్టు విసరండి. చాలామంది చెయ్యి చాచి, రా రా అని పిలుస్తూ ముక్క చూపిస్తారు. అప్పుడు కుక్క ఇరకాటంలో పడుతుంది. ముక్క కావాలి, మనిషి వద్దు. మెడ సాగదీసి, వెనక కాళ్ళు పారిపోవడానికి సిద్ధంగా పెట్టుకుని, ముక్క లాక్కుని పరిగెడుతుంది. తిండి దొరికింది, భయం మాత్రం అట్లాగే మిగిలింది. వెనక్కి విసిరితే అది మీ నుంచి దూరంగా పోయి తింటుంది. తినేసి తలెత్తి చూస్తుంది. ఇంకో ముక్క కోసం తనంతట తానే ఒక అడుగు ముందుకు వేస్తుంది. ఆ అడుగు వెయ్యగానే మళ్ళీ వెనక్కే విసరండి. దగ్గరికి రావాలా వద్దా అన్నది దాని చేతుల్లోనే ఉందని దానికి అర్థమవ్వాలి. అయిదు నిమిషాలు చాలు. కుక్క ఇంకా ఉత్సాహంగా ఉన్నప్పుడే లేచిపోండి.

ఇట్లా చేస్తుండగా దాని ఒంటిని కనిపెట్టండి. తోక కాళ్ళ మధ్యకు పోవడం అందరికీ తెలుసు. నిద్ర రాకుండానే ఆవలించడం, తిండి లేకుండా పెదవులు నాక్కోవడం, ముందు కాలు ఒకటి ఎత్తి పట్టుకోవడం, తల కదపకుండా కళ్ళు పక్కకు తిప్పి తెల్లగుడ్డు చూపించడం — ఇవన్నీ "ఇక చాలు" అని చెప్పడమే. కనబడగానే ఒక అడుగు వెనక్కి జరగండి. ఒళ్ళంతా నీళ్ళు దులుపుకున్నట్టు దులపరించిందంటే బిగువు సడలిందని.

గుర్రుమంటే తిట్టకండి. గుర్రు అన్నది కుక్క ముందుగా చేసే హెచ్చరిక. తిట్టి దాన్ని మాన్పిస్తే హెచ్చరించడం మానేస్తుంది, కరవడం మానదు.

నిమరడం మొదలుపెట్టే రోజు వచ్చినప్పుడు తల మీద చెయ్యి వెయ్యకండి. పై నుంచి దిగే చెయ్యిని ఏ బెదురు కుక్కా ఓర్చుకోదు. గడ్డం కిందో, ఛాతీ పక్కనో మూడు సెకన్లు గీరి చెయ్యి తీసెయ్యండి. ఇంకా కావాలంటే మూతితో మీ చెయ్యి తడుతుంది. తట్టలేదంటే ఈ రోజుకు అంతే.

షెల్టర్లవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్తుంటారు. మూడు రోజులకు కొంచెం ఊపిరి తీసుకుంటుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకుంటుంది. ఇది అంచనానే. బాగా దెబ్బలు తిన్న కుక్కకు ఇంకా ఎక్కువ పడుతుంది.

కుక్కర్ విజిల్

మన ఇళ్ళలో కుక్కను బెదరగొట్టేవాటిలో కుక్కర్ విజిల్‌ది మొదటి స్థానం. తర్వాత మిక్సీ, కింద పడిన స్టీలు ప్లేటు, కరెంటు పోయినప్పుడు కూసే ఇన్వర్టర్. కొత్తలో విజిల్ వచ్చేలోపు గది తలుపు దగ్గరగా వేసి ఫ్యాన్ పెంచండి. అలవాటు చెయ్యడానికి ఫోన్‌లో విజిల్ రికార్డు చేసి, చెవి పెట్టి వింటే తప్ప వినబడనంత చిన్నగా వినిపించండి. ఆ చప్పుడు రాగానే కోడి ముక్క పెట్టాలి. చప్పుడు ముందు, ముక్క తర్వాత. వరస తప్పితే ముక్క చూసినప్పుడల్లా చప్పుడు వస్తుందేమోనని బెదురుతుంది. రోజుకు కొంచెం కొంచెం చప్పుడు పెంచండి. కుక్క తినడం ఆపేసిందంటే మరీ పెంచేశారు, నిన్నటి మట్టానికి దించండి. మిక్సీకీ ఇదే పద్ధతి.

పండగలకు ఇంత సులువు కాదు. వినాయక నిమజ్జనం డీజే, పెద్ద దర్గా ఉరుసు రోజుల్లో సందడి, దీపావళి బాంబులు రికార్డింగుకు లొంగవు. ఆ రోజుల్లో పొద్దు గుంకకముందే బయటికి తిప్పి, కడుపు నిండా పెట్టి, లోపలి గదిలో టీవీ పెట్టి ఉంచండి. వచ్చి మీ ఒళ్ళో దూరితే దూరనీండి. ఓదారిస్తే భయం ఎక్కువవుతుందనేది ఉత్తమాట. గతంలో పటాసులకు తలుపులు గీరి రక్తం వచ్చేదాకా పోయిన కుక్కయితే దీపావళికి రెండు వారాల ముందే డాక్టరుతో మాట్లాడండి. భయం తగ్గించే మందులున్నాయి. మీకు తోచిన మాత్ర మాత్రం వెయ్యకండి.

బయటికి తీసుకుపోవడం

వారం రోజులు ఇంటి ఆవరణే చాలు. తర్వాత తెల్లవారుజామున, వీధి ఊడ్చేవాళ్ళు రాకముందు, ఒక్క సందు చివరిదాకా. పోను పోను దూరం పెంచవచ్చు. నడవనని కూలబడితే ఈడ్వకండి, పక్కన కూర్చోండి. వీధికుక్కల గుంపు కనబడితే ధైర్యం నేర్పాలని అటు తీసుకుపోవద్దు. రోడ్డు దాటి పక్కకు తిప్పండి.

ఎండాకాలంలో తారు మీద మీ చేతి వెనక భాగం ఆనించి చూడండి. ఏడు సెకన్లు పెట్టలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి. పొద్దున ఎనిమిది దాటాక, సాయంత్రం ఏడుకు ముందు మన రోడ్ల మీద నడక పెట్టుకోవద్దు. మిద్దె మీద కట్టేసే ఆలోచన ఉంటే మానుకోండి. కురచ గొలుసుతో గంటల తరబడి కట్టెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా. నాలుక బాగా బయటపెట్టి రొప్పుతూ, చొంగ చిక్కబడి, తూలుతుంటే వడదెబ్బ. నీడకు తెచ్చి, ఒళ్ళంతా మామూలు నీళ్ళతో తడిపి, ఫ్యాన్ పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

ఒకవేళ తప్పించుకుపోతే వెంటపడకండి. నలుగురు కలిసి తరిమితే బుగ్గవంక దాటి ఎటు పోతుందో తెలియదు. నిలబడిపోండి, కింద కూర్చోండి, తిండి కాగితం చప్పుడు చెయ్యండి. కనబడకుండా పోతే ఇంటి ముందర దాని గోనెసంచి, నీళ్ళు, తిండి పెట్టి ఉంచండి. రాత్రి సద్దుమణిగాక చాలా కుక్కలు వాసన పట్టుకుని వస్తాయి. చుట్టుపక్కలవాళ్ళకు ఒకటే చెప్పండి: కనబడితే పట్టుకోకుండా ఫోన్ చెయ్యమని.

ఒంట్లో బాగా లేకపోతే

మన వేడికి పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడబెల్టు కింద రోజూ వెతకండి. వాటివల్ల వచ్చే జ్వరంలో కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. రక్తపరీక్షలో తెలుస్తుంది, తొందరగా పట్టుకుంటే మందులకు తగ్గుతుంది. కుక్క ఒళ్ళు మామూలుగానే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది కాబట్టి ముట్టుకుని జ్వరమని తేల్చకండి. మనకు వాడే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ సగం విరిచి ఇవ్వడం అంతకన్నా ప్రమాదం. ఊళ్ళో తేలని జబ్బయితే జిల్లాలోనే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది.

కరిచినా, గోరు గీరుకున్నా, టీకాలు వేసిన కుక్కే కదా అని ఊరుకోవద్దు. ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. సున్నం, కారం, ఆకు పసరు ఏవీ పెట్టవద్దు. వెంటనే రిమ్స్‌కు గాని, దగ్గరి ప్రభుత్వాసుపత్రికి గాని పోండి. టీకా ఎన్ని డోసులో వాళ్ళు చెప్తారు, అన్నీ పూర్తి చెయ్యాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక వైద్యం లేదు.

ఇంట్లో ఒంటరిగా వదలడం, ఉచ్చ సంగతి

నిద్ర లేవగానే, తినగానే, ఆడుకోగానే బయటికి తీసుకుపోతే సగం సమస్య తీరుతుంది. లోపల పోస్తే అరవకుండా తుడిచెయ్యండి. ముక్కు పట్టుకుని అందులో రుద్దితే మిమ్మల్ని చూసి దాక్కుని పోయడం నేర్చుకుంటుంది, అంతే. ఘాటు ఫినాయిల్ బదులు వెనిగర్ కలిపిన నీళ్ళు వాడండి.

ఒంటరిగా ఉండడం మొదటి వారం నుంచే నేర్పాలి. చెత్త పడేసి వచ్చేంతసేపు తలుపు వేసి పోయి రండి. తర్వాత పాల ప్యాకెట్ తెచ్చేంతసేపు. పోయేటప్పుడు వీడ్కోళ్ళు, వచ్చాక గారాలు రెండూ వద్దు. సెలవు చివరి రోజుదాకా పక్కనే కూర్చుని, మర్నాడు ఎనిమిది గంటలు వదిలేసి పోతే తలుపు చెక్కలు మిగలవు.

ఇంత చేసినా కొన్ని ఇళ్ళకు కొన్ని కుక్కలు కుదరవు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో కుక్క పదే పదే పళ్ళు చూపిస్తోందంటే పట్టుదలకు పోకండి. పాలకొండల దారిలో వదిలేసి వస్తే అది బతకదు, అట్లా వదిలెయ్యడం కూడా పైన చెప్పిన చట్టం కింద నేరమే. షెల్టర్‌కు ఫోన్ చేసి, వాళ్ళు రమ్మన్న రోజు తీసుకుపోండి. పోయేటప్పుడు ఒక కాగితం మీద అది ఏం తింటుందో, దేనికి బెదురుతుందో, ఏ పిలుపుకు తోక ఊపుతుందో, విజిల్ ఎంత చప్పుడుదాకా ఓర్చుకుంటుందో రాసి ఇవ్వండి. తర్వాత తీసుకునేవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.